రెండో వైపు

తోతాపురి కాలం. రాత్రి షిఫ్టు.
గుడిపాల రోడ్డు గుజ్జు ఫ్యాక్టరీలో
బెల్టు మీద కాయలు ఏరతా ఉంటిమి పద్దెనిమిది మందిమి.
చేతులకు సొన, ముక్కులకు పులుపు,
చెవులకు బాయిలరు మోత తప్ప ఏమీ లేదు.

ఆ బాయిలరు పక్కన ఖాజా మొహిద్దీన్ అన్న.
ఆయన ఒళ్ళో, రబ్బరుబ్యాండు వేసి బిగించిన రేడియో.
ఒకనాడు, రెండు దాటినాక,
ముల్లు రెండు స్టేషన్ల నడుమ
ఏ ఊరూ కాని చోట ఆగింది.

ఆడమనిషి గొంతు.
ఏ బాసో తెలీదు.
మా జేజి రాగులు విసిరేటప్పటి కూనిరాగం మాదిరి
ఒక చోటికి ఎక్కి, దిగనని మొండికేసి,
ఎవరూ బతిమాలకుండానే దిగొచ్చింది.
నా చేతిలో కాయ అట్లే ఉండిపోయింది.
సూపర్‌వైజరు కేకేసినాడు.

"యాడిదన్నా ఈ పాట?"
"సముద్రానికి అవతల. మన డ్రమ్ములు పొయ్యే ఊరేమోలే."

డ్రమ్ముల మీద అచ్చేసిన ఊర్లు చదవను రాదు నాకు.
ఆ రాత్రే మొదటిసారి అనిపించింది
అక్కడ మనుషులు ఉంటారని,
మా గుజ్జు తాగి, మూతి తుడుచుకొని
పాడతారని.

వారం కూలిలో ఒక ఖాళీ క్యాసెట్టు, చర్చి వీధిలో.
టేపురికార్డరు అద్దెకు.
రేడియో నోటికి దాని చెవి ఆనించి
పదకొండు రాత్రులు కాచుకుంటే
పన్నెండోనాడు పాడింది మహాతల్లి.
పాటతో పాటు పడినాయి
ఆవిరి బుసలు,
కరెంటు పోయి మింగేసిన రెండు చరణాలు,
మా వళ్ళియమ్మ దగ్గు, రెండుసార్లు.

వినమని ఇస్తే అందరూ అడిగేది ఒకటే: "అర్థమేంది?"
పచ్చిమామిడికాయ కొరికేటప్పుడు
అడిగితివా దాన్ని, అర్థమేందని?

ఊరికే ఇయ్యలేదు ఎవరికీ.
ఇరుగుపొరుగు గిన్నెను ఖాళీగా తిరిగిస్తామా?
రెండో వైపు ఏమీ లేదు,
నీకు నిద్ర పట్టనియ్యనిదేదో
దాంట్లో కొంచెం పోసి తే, అంటిని.

సంతపేట దర్జీ పురుషోత్తం మిషను ఆపి
వాళ్ళమ్మ పాడిన తాలాట్టు పోసినాడు.
ఆమెకు పళ్ళు లేవు, పాటకు అంచులు లేవు.
పుంగనూరు బస్సు క్లీనరు తీసుకపోయి
ఇరవై రోజులు పత్తా లేడు.
తిట్టుకుంటా ఉంటే తెచ్చినాడు, లోపల పంబ మోత!
జాతర అయిపోయి, జనం పోయి,
అమ్మవారికి కూడా కునుకు పట్టినాక
పంబల మునెయ్య
ఒక్కడే తనకోసం వాయించుకున్నది.
ఖాజా అన్న తన గొంతే ఇచ్చినాడు.
ఒక్క నిమిషం. సిగ్గేసి ఆపేసినాడు.
వళ్ళియమ్మ ఏమీ పొయ్యలేదు.
"నా దగ్గుంది గదక్కా అవతలి వైపు, చాల్లే" అనింది.

మొన్న, పక్కింటి భానురేఖ
నోటి దగ్గర ఫోను పెట్టి తియ్యమంటే కూనిరాగం తీసినా.
ఎట్ల పట్టిందో, పట్టేసింది.
ఆమె పేరు చెప్పింది, ఊరు చెప్పింది.
మాటలకు అర్థం కూడా చెప్పింది:
మేకలు తప్పిపోయినాయంట, అంతే.
ముప్పై ఏండ్లుగా దేవుడి పాటనుకుంటి.

పాట తోమిన చెంబు మాదిరి తళతళా ఉంది.
కరెంటు మింగిన రెండు చరణాలూ విన్నా.
బాగున్నాయి, అబద్ధమెందుకు.
మూడోదాంట్లో, గొంతు ఎక్కే చోట,
దగ్గు కోసం ఆగినా.
పాట ఆగలేదు.

"క్యాసెట్టు చూపించవ్వా" అని తీసుకొని
అటు తిప్పి ఇటు తిప్పి
వాసన కూడా చూసింది పిల్ల.
నా షరతు చెప్పినా.
"ఫోనుకు రెండో వైపు ఉండదవ్వా" అని నవ్వింది గానీ
సందకాడ మళ్ళా వచ్చింది.
ఒక తీగ నా చెవిలో, ఒక తీగ తన చెవిలో.
ఎవరో మగపిల్లోళ్ళు, యాడోళ్ళో,
గుక్కతిప్పుకోకుండా దబదబా ఏందో అంటా ఉండారు.
కింద మాత్రం ఒక డోలు,
మునెయ్య పంబకు మేనత్త కొడుకు మాదిరి.
నా కాలు దానంతట అదే కదిలింది.

నోరు జారినా: "అర్థమేందమ్మా?"

భానురేఖ నా దిక్కు చూసింది,
అచ్చం మా సూపర్‌వైజరు మాదిరి.